గెడ్డ నీళ్ళూ నా మిడిమిడి జ్ఞానమూ

సుమ్మాదేవి స్టేషను చుట్టుపక్కల నన్ను సైన్సు మాస్టారు అంటారు. ఆ పేరే నా కొంప ముంచింది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాటెత్తితే అందరి చూపూ నీళ్ళ మీదికే పోతుంది. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు కనక ఎవరి తీర్పు వారిది. నేనూ ఒకటి చెప్పేశాను.

మా గెడ్డలో ఎగువన తెల్లవారకముందే సీసా ముంచాను. ఇంటికొచ్చి చద్దన్నం తిని, ఓ కునుకు తీసి, మిట్టమధ్యాహ్నం జీడితోటలు దాటాక దిగువన ఇంకో సీసా నింపాను. పరీక్ష కాగితం వచ్చింది: దిగువన జింకు తగ్గింది, ఆర్సెనిక్ కాస్త పెరిగింది. తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, మా గెడ్డలో ఉన్నది అందులో పిసరంత. అయినా ఆగానా? జింకును ఇసక వడగట్టిందనీ, ఆర్సెనిక్ తోటల్లో కొట్టే పురుగుమందులదేననీ టీ బడ్డీ దగ్గర తేల్చిపారేశాను.

"మాస్టారూ, వేకువ నీరూ మిట్టమద్దేన్నం నీరూ ఒకటేనేటండి? తెల్లారగట్ల సెరువులో సేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. పొద్దెక్కితే ఒక్కటీ అగుపడదు" అన్నాడు ఓ జీడిరైతు.

"చేపలకీ లోహాలకీ ఏమిటయ్యా సంబంధం?" అని నవ్వాను.

సంబంధమంతా అక్కడే ఉంది. రాత్రంతా నాచూ, చేపలూ, సూక్ష్మజీవులూ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. నీటి పీహెచ్ పడిపోతుంది. ఎండెక్కితే నాచు ఆ వాయువును లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు ధనావేశమున్న జింకు రాళ్ళ మీది పాచికీ, ఇనుము, మాంగనీసు పూతలకీ అంటుకుపోతుంది. నీళ్ళ వేడి దానికి తోడు. ఋణావేశంతో తిరిగే ఆర్సెనిక్ దీనికి పూర్తిగా ఎదురు, అవే పూతల్ని వదిలి నీళ్ళలోకి దిగుతుంది. అమెరికాలోని మోంటానాలో, పాత గనుల దగ్గరి ఏర్లలో డేవిడ్ నిమిక్, క్రిస్టఫర్ గామన్స్ బృందం రాత్రింబవళ్ళు నీళ్ళు పట్టి చూసింది. కొన్నిచోట్ల జింకు మధ్యాహ్నం కన్నా తెల్లవారుజామున ఎన్నో రెట్లు ఎక్కువ! అది 2003లోనే అచ్చయింది. నేను చదివింది మాత్రం టీ బడ్డీ ఉపన్యాసం అయిపోయాక.

నా రెండు సీసాల తేడా చోటు వల్లనో, వేళ వల్లనో ఇక తేలదు. ఎగువన ఓ కుర్రాణ్ణి నిలబెట్టి, ఇద్దరం ఒకే గంటకి సీసాలు ముంచి ఉంటే, వేళ వల్ల వచ్చే తేడా చాలావరకు తప్పేది.

ఆ రైతుకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఎదురొస్తున్నాడంటే చాలు, పలాస బస్సు ఏది ఆగితే అది ఎక్కేస్తున్నాను.