జిగేల్ రథం

1917లో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ ఓడల్ని వరసపెట్టి ముంచేస్తుంటే, నార్మన్ విల్కిన్సన్ అనే చిత్రకారుడు ఓ ఉపాయం చెప్పాడు: ఓడను దాచొద్దు, అడ్డదిడ్డంగా చారలు పులమండి!

ఓడ కనిపిస్తుంది. ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో మాత్రం పెరిస్కోపులో చూసేవాడికి అంతుపట్టదు.

సముద్రం లేని నిజామాబాద్ జిల్లాలో మనవాళ్లు ఈ విద్యలో ఆరితేరారు.

ఎన్నికలొస్తే చాలు, బోధన్ రోడ్డెక్కుతుంది ప్రచార రథం. బానెట్ మీద అధినేత. తలుపు మీద అభ్యర్థి. డీజిల్ ట్యాంకు మూత మీద, సరిగ్గా యువనేత ముక్కు. అద్దాల నిండా చెరకు గడలు.

ఆర్‌సీలో బండి రంగు తెలుపు. పైన తెల్లగా మిగిలింది నాయకుల చొక్కాలే.

మైకులో ఒకటే పాట: ‘నిజాం షుగర్స్ తెరిపిస్తాం!’

బోధన్‌లోని ఆ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది 2015 డిసెంబరులో.

ఆ తర్వాత గులాబీ రథం, కాషాయ రథం, మూడు రంగుల రథం... అన్నీ కళ్లు జిగేల్‌మనేలా కనిపించాయి. ఎటు పోతున్నాయో, ఎప్పటికి చేరతాయో శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డవాడికే తెలియలేదు. చెరకు రైతు విసిగిపోయి వరి వేసుకున్నాడు.

విల్కిన్సన్ చారల వల్ల ఓడలు నిజంగా బతికాయా అన్నది లెక్కల్లో ఇప్పటికీ తేలలేదు. మన దగ్గర ఆ అనుమానమే లేదు. రథాలు భేషుగ్గా ఒడ్డెక్కాయి. మునిగింది ఫ్యాక్టరీ ఒక్కటే.

ఓటరన్నా, ఈసారి రథమొస్తే బొమ్మలు చూడకు. టైర్లు ఎటు తిరిగున్నాయో చూడు.