భీముడికి తిండి పెట్టడం లేదట!

మా కుక్కకి తిండి పెడుతున్నాం. ఈ ముక్క ఒక అట్ట మీద రాయించి వాడి మెడలో వేలాడదీయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. "వద్దు, ఆ సన్నటి మెడకి అంత బరువు కట్టారని కొత్తగా తిట్లు మొదలవుతాయి" అంది మా ఆవిడ.

పొద్దున్నే వాకింగుకని బయల్దేరతానా, లిఫ్టులో మూడో అంతస్తు పెద్దావిడ ముందు మా భీముణ్ణి చూస్తుంది, తర్వాత తాపీగా నా పొట్ట చూస్తుంది. "అంతా నువ్వే తినేస్తే ఎలా నాయనా? నోరులేని జీవం!" గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు తగ్గించి, "సార్, ఇబ్బందిగా ఉంటే చెప్పండి, మా ఇంట్లో రాత్రి అన్నం మిగుల్తది" అంటాడు. కూరగాయల బండాయన మరీ నిర్మొహమాటి. "గిది బతుకుతదా సార్?" అని అడిగి, జవాబు వినకుండానే ఓ క్యారెట్ వాడి నోటికందిస్తాడు. ఆ దుర్మార్గుడు దాన్ని పుట్టి బుద్ధెరిగాక మొదటి ముద్ద తింటున్నంత దీనంగా నములుతాడు. అరగంట ముందే రెండు గుడ్లు, ఓ జొన్నరొట్టె లాగించాడని ఆ మొహం చూసి ఎవడు నమ్ముతాడు?

పేరొకటి మా ప్రాణానికి. పిల్లప్పుడు బొద్దుగా ఉంటే మా అమ్మ ముచ్చటపడి భీముడని పెట్టింది. కొన్నాళ్లకి కాళ్లు సాగాయి, నడుం లోపలికి పోయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. వీధిలో "భీమా, ఇట్రా" అని పిలిచిన ప్రతిసారీ ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు.

వీడు ముధోల్ జాతి. మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ వైపున్న ముధోల్. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాల్లో కారవాన్ హౌండ్ అని ఉంటుంది. వాసన పట్టి కాదు, కంటితో చూసి వెంటాడి వేటాడే జాతి. ఛాతీ లోతుగా దిగాలి, కడుపు నడుంలోకి ఎక్కిపోవాలి, చివరి పక్కటెముకలు లీలగా కనబడాలి. అలా కనబడితేనే ఆరోగ్యం, అందం, అర్హత. మన దేశంలో మాత్రం ఎముక కనబడిందంటే దరిద్రం కనబడ్డట్టే. పెళ్లిచూపుల దగ్గర్నుంచి అంతే కదా, ఒళ్లుంటేనే కలిగినింటి బిడ్డ.

ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కల్ని ఇంగ్లండుకు తీసుకెళ్లి ఐదో జార్జి చక్రవర్తికి బహూకరించాడని చెబుతారు. రవి అస్తమించని సామ్రాజ్యాధిపతి వాటిని ఎగాదిగా చూసి "ఏమయ్యా రాజా, మీ సంస్థానంలో కరువా?" అని అడిగి ఉంటాడని నా గట్టి అనుమానం. అడగనిది మన తపాలా శాఖ ఒక్కటే. 2005లో నాలుగు దేశవాళీ జాతుల మీద స్టాంపులు వేసి, అందులో ముధోల్‌కీ చోటిచ్చింది. ఆ స్టాంపొకటి సంపాదించి నా పర్సులో పెట్టుకు తిరుగుతున్నాను. భార్యాబిడ్డల ఫోటోలు పెట్టుకోవాల్సిన అర అది. ఎవరైనా నోరు తెరవగానే తీసి చూపిస్తాను. 2020లో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ముధోల్ పేరెత్తి మెచ్చుకున్నాక కొంత ఊరట దొరుకుతుందనుకున్నా. దొరికింది. ఇప్పుడు "ఎంతకి కొన్నారు?" అని అడిగి, ఆ తర్వాత "అంత పోసి కొని, తిండి పెట్టరా?" అంటున్నారు.

ఈ వ్యాసానికి అసలు రైలుతో పనేమీ లేదు. కానీ ఆ సంగతి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు.

డాగ్ షో అంటే ఊళ్లు తిరగాలి. బెంగళూరు, చెన్నై, మైసూరు. మన రైళ్లలో ఈ సైజు కుక్కకి రెండే చోట్లు. ఒకటి, గార్డు పెట్టెలో ఉండే ఇనప గూడు. వీడి కాళ్లు నాలుగూ అందులో మడిచి పెట్టాలంటే ముందు విప్పదీసుకునే వీలుండాలి. రెండోది, ఫస్ట్ ఏసీ. అదీ రెండు బెర్తుల కూపేగానీ, నాలుగు బెర్తుల కేబిన్‌గానీ మొత్తం మనదే అయితేనే. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ల గుమ్మం తొక్కనివ్వరు.

కూపే కావాలంటే ఇద్దరు ప్రయాణికులుండాలి. కుక్క ప్రయాణికుడు కాదు, సామాను. కనుక కుక్క కోసం కూపే, కూపే కోసం రెండో మనిషి. ఆ రెండో మనిషి మా బావమరిది. అతనికి కుక్కలంటే ఇష్టం లేదు, బెంగళూరులో పని లేదు, ఆధార్ కార్డుంది. అది చాలు.

టికెట్లు కన్‌ఫర్మ్ అవుతాయి. కూపే అవదు. అది ఇస్తారో, ముక్కూమొహం తెలియని మరో ఇద్దరితో కలిపి కేబిన్‌లో వేస్తారో చార్టు పడేదాకా దేవుడికే తెలియాలి. అందుకని ముందే రైల్వే అధికారికి అర్జీ పెట్టుకోవాలి. "మేము ఇద్దరు మనుష్యులము, ఒక శునకము" అంటూ మొదలయ్యే ఆ అర్జీని నేనెంత హృదయవిదారకంగా రాస్తానంటే, ఉద్యోగం కోసం రాసిన రోజుల్లో ఆ శైలి పట్టుబడి ఉంటే ఈపాటికి కలెక్టర్‌గా రిటైరయ్యేవాణ్ణి. ఈలోగా పశువుల డాక్టరు దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తేవాలి. ముందెప్పుడో తెచ్చి పెట్టుకుంటే చెల్లదు, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల్లోపుదే కావాలి. టీకాల పుస్తకం సరేసరి. ఇక చార్టు పడే వేళకి మా ఇంట్లో పదో తరగతి ఫలితాల నాటి వాతావరణం. మా ఆవిడ దేవుడి గదిలో, నేను ఫోనులో, భీముడు సోఫాలో. కూపే వచ్చిందని తెలిసి అందరం ఊపిరి పీల్చుకుంటే, మా బావమరిది మాత్రం నిట్టూరుస్తాడు.

అక్కడితో అయిందా? కాచిగూడ వెళ్లి పార్సిల్ ఆఫీసులో వీణ్ణి బుక్ చెయ్యాలి. అట్టపెట్టెలు, మోటారు సైకిళ్ల మధ్య నిలబడితే, కౌంటర్లో ఆయన కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఏంది సార్, గిట్లెండిపోయింది? అన్నం పెడ్తలేరా?"

స్టాంపు తీశాను. ఆయన దాన్ని వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, లోపలున్న ఇంకొకాయనకీ చూపించి, "గీ ఫోటోల ఉన్నదానికన్న పెట్టిన్రా?" అన్నాడు.

రసీదు చేతికొచ్చేసరికి భీముడికి అక్కడి హమాలీల నుంచి సగం సమోసా, మూడు బిస్కెట్లు, ఓ అరటిపండు ముట్టాయి. షోకి వెళ్లే కుక్కకి అవేవీ పెట్టకూడదు. పెట్టొద్దంటే నన్ను చూసిన చూపుల్లోనే తెలిసిపోయింది, అప్పటిదాకా వాళ్లకున్న అనుమానం నిర్ధారణ అయిందని.

కూపేలో పై బెర్తు నాది, వయసులో పెద్దవాణ్ణి గనక. కింది బెర్తు భీముడిది, ఒళ్లు చాచి తప్ప పడుకోలేడు గనక. మిగిలిన నేల మా బావమరిదిది. కర్నూలు దాటాక టీటీఈ వచ్చి, చార్టు చూసి, నన్ను చూసి, బెర్తు మీది శాల్తీని చూసి "రెండో ప్యాసింజర్ ఎవరండీ?" అన్నాడు. కింద దుప్పట్లోంచి ఓ చెయ్యి లేచింది. పాంట్రీ కుర్రాడు అడక్కుండానే ఆమ్లెట్ తెచ్చాడు. నేను చెయ్యి చాపితే, "మీకు కాద్సార్" అని పక్కకు తప్పించాడు. తెల్లారి బెంగళూరులో ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలోంచి చూసి "ఊట హాకల్వా సార్?" అన్నాడు. నాకు కన్నడం రాదు. కానీ ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా నాకు అర్థమవుతుంది.

షో మైదానంలోనైనా తెలిసినవాళ్లుంటారనుకుంటాం. పక్క టెంటులో బొచ్చు కుక్కకి డ్రయ్యరుతో తల ఆరబెడుతున్నారు. అటుపక్క, నాలుగడుగులు వేసి రొప్పుతున్న ఓ లాబ్రడార్ యజమాని నా భుజం తట్టి, మంచి దాణా కంపెనీ పేరు చెప్పాడు.

రింగులో విదేశం నుంచి వచ్చిన జడ్జిగారు. పెదవులెత్తి పళ్లు చూశారు, నలభై రెండూ ఉన్నాయి. మగకుక్క గనక చూడాల్సినవేవో అవీ రెండున్నాయో లేవో తడిమి చూశారు. ఆ సమయంలో భీముడు ఎటో ఆకాశంలోకి చూస్తూ పాటించిన గాంభీర్యం నాకైతే చేతకాదు. తర్వాత వెన్ను మీద, పక్కటెముకల మీద రెండు అరచేతులూ నింపాదిగా ఆనించారు. మళ్లీ ఆనించారు. నా వైపు తిరిగి మర్యాదగానే అన్నారు: "కాస్త ఒళ్లు చేశాడు. తగ్గించండి."

ఆయన కాళ్ల మీద పడబోయి రింగు మర్యాద గుర్తొచ్చి ఆగాను. రెండో స్థానమిచ్చారు. మొదటిది పోయిందన్న బాధేమీ లేదు. ఫోను చేసి మా అమ్మకి చెబితే, పట్టపగలు రహస్యంగా వాడికి పెడుతున్న పెరుగన్నం సంగతి తనంతట తనే బయటపెట్టి, "ఆ జడ్జీకి కళ్లు కనబడవేమోరా" అంది.

అదే రింగులో నడక కూడా చూస్తారు. చేతిలో పట్టెడ తాడు, పక్కన మనిషి, ఒక వరస పోవాలి, రావాలి, ముక్కోణంగా తిరగాలి. అదీ దుడుకు నడకే. హుషారెక్కి దౌడందుకుంటే నడక చూడ్డానికుండదు, తాడు లాగి మళ్లీ మొదటి నుంచి నడిపించాలి. దక్కను నల్లరేగడి చేలల్లో కుందేళ్లని తరిమి పట్టడానికి తరాల తరబడి చెక్కిన ఒళ్లు ఇది. కుందేలు జోలికి పోతే ఇప్పుడు చట్టం ఒప్పుకోదు, అది న్యాయమే. అపార్టుమెంటులో కారిడార్, కాలనీలో తాడు, రింగులో దుడుకు నడక. ఇన్నాళ్లలో వీడు తింటాడా అని అడగని మనిషి లేడు, పరుగెత్తుతాడా అని అడిగినవాడు ఒక్కడూ తగల్లేదు. ఒకసారి షాద్‌నగర్ అవతల, మొక్కజొన్న కోసేసిన చేలో తెలిసిన రైతు సరేనంటే తాడు విప్పాను. మొదట నమ్మలేదు, నా మొహంలోకి చూశాడు. తర్వాత నాకు కనబడింది వాడు కాదు, చేను అవతలి గట్టు మీద లేచిన దుమ్ము. తిరిగొచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డప్పుడు, జనం లెక్కపెట్టే ఆ ఎముకల సందుల్లో గుండె కొట్టుకోవడం కంటికి కనబడుతోంది. వాడికి కరువైంది తిండి కాదు. ఆ కరువు గురించి నేను చేయగలిగింది కూడా పెద్దగా లేదు. ఆ చేలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు.

మైసూరు షోకి ఎంట్రీలు మొదలయ్యాయి. మా బావమరిదికి ఫోను చేసి కూపే సంగతి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "బావా, ఈసారి నన్ను గార్డు పెట్టెలో బుక్ చెయ్యి. అక్కడైతే ఎవరి గూడు వాళ్లకుంటుంది" అన్నాడు.