చెవి వెనక ఓ చిన్న చోటు

నేను రాగితీగ చుట్టని. రెండు గుండ్రటి చుట్టల్ని పక్కపక్కన చేర్చి, ఎనిమిది అంకెలా మలిచి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి, పట్టుకోవడానికి పిడి బిగించారు. ఒక్కో చుట్ట అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు. నాలోకి కరెంటు ధారగా రాదు, దెబ్బలా వస్తుంది. రెప్పపాటులో వందోవంతు కూడా పట్టదు. అంతలోనే నా చుట్టూ అయస్కాంత క్షేత్రం లేచి, పడిపోతుంది. చర్మం, పుర్రె దానికి అడ్డం కావు. అది లోపలికి దిగి మెదడు పైపొరలో సన్నటి విద్యుత్తు పుట్టిస్తుంది. మహా అయితే రెండు మూడు సెంటీమీటర్ల లోతు, అంతకుమించి నా చెయ్యి పోదు. కత్తి లేదు, కుట్టు లేదు.

నా పుట్టుకకి మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం. మనిషి తలమీదకి దాన్ని పనికొచ్చేలా తెచ్చింది మాత్రం 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్, ఆయన సహచరులు. గుండ్రటి చుట్టని నెత్తిమీద ఆనించి కరెంటు వదిలితే ఎదుటి మనిషి చెయ్యి దానంతట అదే కదిలింది. నాలాంటి ఎనిమిది ఆకారం వాళ్లం తర్వాత వచ్చాం. రెండు చుట్టలూ కలిసే చోట బలం పోగుపడుతుంది కాబట్టి తలలో కాస్త చిన్న చోటుకి గురిపెట్టగలం.

నేను పనిచేసేటప్పుడు టక్ టక్‌మని గట్టిగా చప్పుడవుతుంది. అందుకే నా కింద కూర్చునేవాళ్ల చెవుల్లో బిరడాలు పెడతారు. తలమీద ఎవరో వేలితో కొట్టినట్టుంటుంది, ఒక్కోసారి కణత దగ్గర కండ అదురుతుంది. మూర్ఛ వచ్చినవాళ్లనీ, తలలో లోహపు ముక్క ఉన్నవాళ్లనీ ముందే వడపోస్తారు. ఎక్కువసేపు పనిచేస్తే నేను కాగిపోతాను, చల్లారేదాకా ఆగాల్సిందే.

ఇక నన్ను ఇంతకాలం ఆలోచనలో పడేసిన సంగతి. బోస్టన్ ప్రాంతంలో లియాన్ యంగ్, రెబెకా సాక్స్, అల్వారో పాస్క్వల్ లియోన్, వాళ్ల సహచరులు చేసిన ప్రయోగం అది. 2010లో అమెరికా జాతీయ సైన్సెస్ అకాడమీ పత్రికలో అచ్చయింది. అందులో నన్ను కుడిచెవికి కాస్త పైన, వెనకవైపు ఉంచారు. ఎదుటివాడు ఏమనుకుంటున్నాడు, అతనికి ఏం తెలుసు, ఏం తెలియదు అని మనం ఊహించుకునేటప్పుడు బాగా చురుగ్గా ఉండే చోటు అది. పాల్గొన్న ఒక్కొక్కరికీ ముందు ఎంఆర్ఐ యంత్రంలో చూసి ఆ చోటు ఎక్కడుందో తేల్చుకున్నారు. పోల్చుకోవడానికి దానికి 5 సెంటీమీటర్లు వెనక మరో చోట కూడా నన్ను పెట్టి చూశారు. సెకనుకో దెబ్బ చొప్పున 25 నిమిషాలు. ఆ తర్వాత వాళ్లకి కథలు చదవడానికిచ్చారు.

ఒక కథలో గ్రేస్ అనే ఆవిడ తన స్నేహితురాలితో రసాయనాల ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తుంది. స్నేహితురాలు కాఫీలో పంచదార వెయ్యమంటుంది. కాఫీ యంత్రం పక్కన డబ్బాలో తెల్లటి పొడి ఉంది. డబ్బా మీద విషం అని రాసి ఉంది. గ్రేస్ అది చదివింది, విషమేనని నమ్మింది, తెలిసే కలిపి ఇచ్చింది. నిజానికి ఆ పొడి పంచదారే. స్నేహితురాలు తాగింది, ఏమీ కాలేదు. మరో రకం కథలో డబ్బా మీద పంచదార అని ఉంటుంది, లోపలున్నది విషం. గ్రేస్ ఏ పాపం ఎరుగదు, స్నేహితురాలు చనిపోతుంది. ఆవిడ చేసిన పని బొత్తిగా చెయ్యకూడనిదైతే 1, పూర్తిగా సమ్మతమైతే 7, మధ్యలో ఎంతైనా వెయ్యొచ్చు.

మొదటి గ్రేస్‌ని మామూలుగా ఎవరూ క్షమించరు. ప్రాణం పోలేదు కానీ తీసే బుద్ధి పుట్టింది కదా అంటారు. నేను ఆ చిన్న చోటుని కాసేపు కలతపెట్టాక, అలాంటి కథలకి అంకెలు కొద్దిగా పైకి జరిగాయి. 'ఏమీ కాలేదుగా' అనే వైపు మొగ్గారు. వేరే చోట పెట్టినప్పుడు అలా జరగలేదు. జవాబు ఆలోచించే ఆ క్షణంలోనే అరసెకను పాటు దెబ్బలు వేసి మళ్లీ చూశారు, అదే దారి.

నేను నీతిని చెరిపేశానని ఎవరైనా అంటే నమ్మకండి. నా కింద కూర్చున్నవాళ్లు దుర్మార్గులైపోలేదు, విషం కలపడం మంచిదని ఎవరూ అనలేదు. తక్కెడ కాస్త ఒరిగిందంతే. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, ప్రభావమూ తాత్కాలికమే. అయినా ఆ కొద్దిపాటి ఒరుగు నాకు చాలా పెద్ద విషయం. మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే 1932 నాటి పుస్తకంలో పిల్లల తీర్పుల గురించి రాశాడు. తెలియక తలుపు తోసి 15 కప్పులు పగలగొట్టినవాడా, దొంగతనంగా జామ్ తియ్యబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడా, ఎవరిది పెద్ద తప్పని అడిగితే చిన్నపిల్లలు తరచూ 15 కప్పులవాడినే చూపించేవారు. మనసు చూసి తప్పు కొలవడం మనిషి పెరిగే కొద్దీ ఒంటబట్టే విద్య అన్నమాట. ఏళ్ల తరబడి నేర్చిన ఆ విద్యని పెద్దవాళ్లలో సైతం నాలాంటి రాగిచుట్ట ఒక్క పూట మసకబార్చగలిగింది.

నా జాతివాళ్లు వేరేచోట్ల వేరే పనులు చేశారు. 2006లో జ్యూరిక్‌లో నుదుటి వెనక కుడిభాగాన్ని అణచితే, 20 ఫ్రాంకులు పంచుకునే ఆటలో 4 మాత్రమే ఇస్తామన్న అన్యాయపు వాటాని కూడా మామూలుకంటే ఎక్కువమంది ఒప్పేసుకున్నారు. అన్యాయమని వాళ్లకి తెలుసు, అడిగితే చెప్పారు కూడా. కాదనడమే తగ్గింది. 2008 నుంచి అమెరికాలో మందులకి లొంగని డిప్రెషన్‌కి మాతో వైద్యం చెయ్యడానికి అనుమతి ఉంది. మా బెంగళూరు బంధువులు నిమ్హాన్స్ ఆసుపత్రిలో రోగులకి సాయపడుతున్నారు. మంచం దిగలేని మనిషి మళ్లీ లేచి వంటింట్లోకి వెళ్లిందంటే నా రాగి ధన్యమైనట్టే.

మమ్మల్ని వాడి మనుషుల్ని మంచివాళ్లని చెయ్యొచ్చు కదా అని అడిగేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. ఎటు తిప్పితే మంచి? గ్రేస్ మీద జాలి పెంచడమా, కోపం పెంచడమా? జ్యూరిక్ మనిషి నోరు మూసుకుని 4 ఫ్రాంకులు పుచ్చుకుంటే శాంతస్వభావం అందామా, లొంగుబాటు అందామా? ఆ నిర్ణయం నా పిడి పట్టుకున్న చేతిది అవుతుంది. ప్రయోగశాలలో నా కింద కూర్చున్నవాళ్లు సంతకం పెట్టి వచ్చారు, వద్దనుకుంటే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. జైలులో ఉన్నవాడిని శిక్ష తగ్గిస్తామని ఆశపెట్టి కూర్చోబెడితే, అతను పెట్టే సంతకాన్ని సమ్మతి అని నేను ఒప్పుకోను.