ప్రభ కనపడకుండా ప్రభల తీర్థం వీడియో

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన వీడియో మీ దగ్గరుందాండి? కువైట్ నుంచి బావమరిది తెచ్చిన జేబు కెమెరాతో తీసిందైతే మరీ మంచిది. అలాంటి ఫ్లిప్ కెమెరాల తయారీని సిస్కో కంపెనీ 2011లోనే ఆపేసింది గానీ, వాటితో తీసినవి ఇంకా బీరువాల్లో మూలుగుతూనే ఉన్నాయి. కంప్యూటర్ మీద వాటి పని పట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రభల మీద పదకొండు ఊళ్ల రుద్రులు ఏటా వస్తారు, పోతారు. జనం చూడాల్సింది మీ పనితనం.

ఫైళ్లు ముందు హార్డ్‌డిస్క్‌లోకి దింపుకోమంటారు చాదస్తులు. వద్దు. కెమెరాని గుచ్చి, అందులోంచే తిన్నగా టైమ్‌లైన్ మీదకి లాగేయండి. సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకునేది ఫైలు ఎక్కడుందన్న సంగతే కాబట్టి, కెమెరా పీకగానే బొమ్మలన్నీ పోయి ఎర్ర గుర్తులు మిగులుతాయి. ఎడిటింగ్ ఎంత కష్టమో ఇంటిల్లిపాదికీ అప్పుడు తెలిసొస్తుంది.

ఈ కెమెరాలు సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, మన టీవీల పాత లెక్క 25. ప్రాజెక్టు కూడా 30లోనే ఉంచితే కదలిక సాఫీగా ఉంటుంది గనక మీరు 25 పెట్టండి. సెకనుకి ఐదు ఫ్రేములు ఎగిరిపోయి, ప్రభ మోసేవాళ్లు అడుగడుక్కీ తడబడుతున్నట్టు కనిపిస్తారు. ఎంత బరువో పాపం అని చూసినవాళ్లు జాలిపడతారు.

కెమెరాని గిర్రున తిప్పి తీసిన ముక్కలు ఒక్కటి కూడా వదలకండి. సెన్సార్ బొమ్మని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి, గబగబా తిప్పితే నిటారు వెదుళ్లు కూడా పక్కకి ఒరిగిపోతాయి. రంగు గుడ్డలు, వరికంకులు కట్టుకుని అంతెత్తున నిలబడ్డ ప్రభ కొబ్బరిచెట్లతో కలిసి ఊగుతుంటే ఆ అందమే వేరు. కదలకుండా నిలబడి తీసినవి తీసి పారేయండి. దూరంగా ఉన్నదాన్ని కంప్యూటర్లో మూడింతలు పెంచండి. 720 గీతల బొమ్మే కదా, పెంచితే మనుషులు గళ్ల లుంగీల్లా వస్తారు.

ఇక శబ్దం. గాలి హోరు పోవాలంటే 100 హెర్ట్జ్ కిందున్నది కోసేస్తే చాలావరకు తగ్గుతుందట. అంత సులువుగా అయిపోతే మనమెందుకండీ? మొత్తం మ్యూట్ చేసేసి, పైన సినిమా పాట పరిచేయండి. ‘అశ్శరభ శరభ’ అని వెయ్యి గొంతులు ఒక్కసారి లేస్తే డప్పులు కూడా వినపడవు. అలాంటిది మన పాటని బతకనిస్తుందా?

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటడం చూడ్డానికే గట్టు మీద అంత జనం. ఆ ముక్కని నాలుగింతల వేగంతో నడిపించండి. నీళ్లలో పాదం ఆనించి, తూకం చూసుకుని, మళ్లీ అడుగేయడం ఎవరిక్కావాలి? అంత ప్రభా కాగితం పడవలా జారిపోవాలి.

తోటలో గుడి లేదు, చెట్ల కిందే అంతా. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు మిగతావాటిని మర్యాదగా ఒక్కసారి పైకెత్తుతారు. ఎవరో ఓపిగ్గా, చెయ్యి కదపకుండా తీశారు దాన్ని. మోసేవాళ్లలో ఒకాయన మడతేసిన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంటూ, కెమెరా వైపు తిరిగి, పక్కనున్నతనితో ఏదో అని నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు. మస్కట్‌లో ఉన్న ఆయన కొడుకు వెనక్కి తిప్పితిప్పి చూసేది ఈ ముక్కనే. నవ్వు మొదలవగానే కోసేసి, అక్కణ్నుంచి హృదయాకారం తెరుచుకుని రెండు హంసలు ఈదుతూ వచ్చేలా పెట్టండి. పెళ్లి వీడియోల కోసం కొన్న ఎఫెక్టులు ఊరికే పడున్నాయిగా, ఆయ్.

మొదట్లో ఢిల్లీ శకటం తగిలించడం మరవకండి. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ తరఫున కర్తవ్యపథ్ మీద నడిచింది ఈ ప్రభల తీర్థమే కదా. టీవీలోంచి ఫోన్‌తో తీసి అతికిస్తే సరి. శకటం మీద ప్రభకి బురద అంటదు, ఎవరి భుజమూ కాయ కట్టదు. దాని తర్వాత ‘ఎడిటింగ్’ అని మీ పేరు నిప్పులు కక్కే అక్షరాల్లో, పాట పల్లవి అయ్యేదాకా ఉంచండి. ఊళ్ల పేర్లు వేయక్కర్లేదు. ఏది ఇరుసుమండ ప్రభో, ఏది వక్కలంక ప్రభో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. ఆ గొడవలో వీడియో మళ్లీ మళ్లీ చూస్తారు కూడా.

తయారైందాన్ని అన్నిటికన్నా తక్కువ క్వాలిటీలో పెట్టి, వాట్సాప్‌లో పంపి, తిరిగొచ్చిందాన్ని దింపుకుని మళ్లీ ఎడిట్ చేయండి. నాలుగు చేతులు మారేసరికి ఎవరి మొహం ఎవరిదో తెలియదు గనక, మా వాడు కనపడలేదని అడిగేవాళ్లే ఉండరు. అసలు ఫైళ్లు మాత్రం ఇవాళే డిలీట్ కొట్టండి. కెమెరాలో జాగా కావాలి, ఆదివారం మీ పిన్నిగారమ్మాయి ఓణీల ఫంక్షన్.