బానెట్ మీద మొట్టికాయ

కాటా దగ్గర బస్తాకు కిలో తరుగు తీస్తే వ్యాపారి గల్లా పట్టుకునే మనిషి, లక్షలు పోసి మినీ ట్రాక్టర్ కొనే రోజు మాత్రం మహా ఉదారుడైపోతాడు. హెచ్‌పీ ఎంతో అడుగుతాడు. సబ్సిడీ వస్తుందా అని అడుగుతాడు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగిందని సేల్స్ కుర్రాడికే పాఠం చెబుతాడు. బండి బరువెంత అన్న మాట మాత్రం చచ్చినా నోట రాదు.

ఎందుకు రావాలి? ఆయన దగ్గర సొంత శాస్త్రం ఉంది. కొబ్బరికాయ ఎంచుకునేవాడిలా వేలి కణుపుతో బానెట్ మీద రెండు మొట్టికాయలు వేస్తాడు. ఠంగుమంటే గట్టి బండి, డబ్బుమంటే డొల్ల. వెంట వచ్చిన బావమరిది టైరును ఒక్క తన్ను తంతాడు. పరీక్ష ముగిసింది, అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి.

బానెట్ పొలం దున్నదు మహాప్రభో! దుమ్మూ వానా ఇంజన్ మీద పడకుండా కాయడమే దాని ఉద్యోగం. చాలా ట్రాక్టర్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసీ ఉండదు. ఇంజన్, క్లచ్ పెట్టె, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే దాని వెన్నెముక. గట్టితనం చూడాలంటే వంగి ఆ బిగింపుల దగ్గర చూడాలి, ముందు యాక్సిల్ దగ్గర చూడాలి. వంగితే ఎలా? కొత్త చొక్కా నలుగుతుంది. తాళం చేతులు మారే ఫొటో ఇంకా తీయనేలేదు.

ఎవరైనా తెగించి అడిగారే అనుకోండి.

"తమ్ముడూ, దీని బరువెంత?"

"బరువుతో మనకేం పనన్నా? ఇరవై నాలుగు హెచ్‌పీ! పైగా పాటల డబ్బా ఫ్రీ."

పని ఉంది తమ్ముడూ. 15 హెచ్‌పీ మహీంద్రా యువరాజ్ 215 దాదాపు 780 కిలోలు తూగుతుంది. 24 హెచ్‌పీ కుబోటా నియోస్టార్ బి2441 దాదాపు 630 కిలోలే. గుర్రాలు తక్కువున్నదే బరువెక్కువ! అయితే మొదటిది వెనక చక్రాలతో మాత్రమే లాగుతుంది, ముందు చక్రాల మీద పడ్డ బరువు లాగుడుకు కలిసిరాదు. రెండోదానికి నాలుగు చక్రాలూ లాగేవే. ఈ లెక్కలో ఏది మేలన్నది నీ నేలను బట్టి, వెనక తగిలించే పనిముట్టును బట్టి తేలాలి. మొట్టికాయ చెప్పదు. బత్తాయి చెట్ల మధ్య తిరిగే తేలిక బండి వేళ్ల మీద మట్టిని అంతగా గట్టిపరచదు. అదే బండితో నల్లరేగడిలో నాగలి దించితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ముందుకు పోయేది డీజిల్ ఒక్కటే.

ఇంకో వర్గం ఉంది, బరువే బలం అనేవాళ్లు. టైర్లలో నీళ్లు నింపి, ముందు ఇనుప దిమ్మలు వేలాడదీసి, అదే ఊపులో దమ్ముకు దిగుతారు. బండి యాక్సిల్ దాకా దిగబడుతుంది. గట్టు మీద ఊరు ఊరంతా ఇంజనీర్లవుతుంది.

మధ్యప్రదేశ్‌లో బుద్నీ అని ఒక ఊరుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను అదనపు బరువు లేకుండానూ, పెట్టీ తూస్తుంది. ఎంత లాగుతుందో, వెనక పనిముట్టును తిప్పే పీటీవో ఇరుసు దగ్గర ఎంత శక్తి మిగులుతుందో కొలిచి నివేదిక ఇస్తుంది. రోటావేటర్ తిప్పేది ఆ మిగిలిన శక్తే గానీ స్టిక్కర్ మీది హెచ్‌పీ కాదు. షోరూములో ఆ నివేదిక అడిగి చూడండి. కొత్త సంవత్సరం క్యాలెండర్ ఇస్తారు.

ఇక ట్రాలీ. ఏడొందల కిలోల బండికి మూడు టన్నుల కంకర తగిలిస్తారు. జాతరొస్తే కంకర స్థానంలో చుట్టాలు. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. దిగుడులో ముందున్న బుడ్డ బండి బ్రేకు నొక్కుతుంది, వెనకున్న మూడు టన్నులు దాన్ని నెడతాయి. అప్పుడు ఎవరు ఎవర్ని లాగుతున్నారో డ్రైవరుకే అంతుపట్టదు. బానెట్ మీద వినాయకుడి స్టిక్కరుంది, ట్రాలీ వెనక "అమ్మానాన్నల దీవెన" అని రాసుంది. ఆ బ్రేకుల సంగతి వాళ్లే చూసుకోవాలి.