క్యాష్‌లెస్ కాలజ్ఞానం

పొద్దున్న తొమ్మిదింటికి డాక్టరుగారు రౌండ్స్‌కొచ్చి, పేషెంటు భుజం తట్టి, "ఇంక ఇంటికెళ్లిపోవచ్చు" అంటారు. ఆ మాట వినగానే బ్యాగు సర్దుకునేవాళ్లు ఆస్పత్రికి కొత్తవాళ్లు. అనుభవజ్ఞులు నింపాదిగా కిందికి దిగి, క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం సంగతీ రాత్రి టిఫిను సంగతీ కనుక్కుని వస్తారు. రోగం తగ్గింది నిజమే. ఇన్సూరెన్స్ డెస్క్ మిగిలే ఉందిగా!

చట్టం మాత్రం మన పక్షానే ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఆరోగ్య బీమా మీద ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. ఆస్పత్రి క్యాష్‌లెస్ అడిగితే బీమా కంపెనీ గంటలోగా తేల్చాలి. డిశ్చార్జి వేళ తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఆస్పత్రి అదనంగా వేసే చార్జీని కంపెనీ తన వాటాదారుల సొమ్ములోంచి కట్టాలి. పాలసీదారును ఎట్టి పరిస్థితుల్లోనూ డిశ్చార్జి కోసం కూర్చోబెట్టకూడదని కూడా అందులోనే ఉంది. ఇదంతా ఎక్కడో ఢిల్లీలో కూర్చుని రాసింది కూడా కాదు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ నానక్‌రాంగూడలోనే ఉంది.

మరి పేచీ ఎక్కడ? గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గర. మూడు గంటలు లెక్కపెట్టేది డాక్టరుగారు భుజం తట్టినప్పటి నుంచి కాదు, ఆస్పత్రి పంపిన అర్జీ కంపెనీకి చేరినప్పటి నుంచి. ఆ అర్జీ బయల్దేరడానికి ముందు జరగాల్సిన కార్యక్రమం చాలా ఉంది. డ్యూటీ డాక్టరు డిశ్చార్జి సమ్మరీ టైపు చేయాలి. ఆయన ఇంకో వార్డులో ఉంటారు. వాడకుండా మిగిలిన సిరంజీలు, సెలైన్లు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. ల్యాబు వాళ్లు బాకీ లేదనాలి. "ఫైలు కిందికి పంపేశామమ్మా" అంటుంది సిస్టరు. "ఇంకా రాలేదు సార్" అంటాడు బిల్లింగు అబ్బాయి. పై అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య, ఏ లిఫ్టులోనో ఆ ఫైలు తపస్సు చేసుకుంటూ ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి అది ఇన్సూరెన్స్ డెస్కుకు చేరేసరికి ఆ కుర్చీలో మనిషి భోజనానికి వెళ్లి ఉంటాడు. మూడింటికి మెయిలు కదులుతుంది. చట్టం తన గడియారానికి కీ ఇచ్చేది అప్పుడు!

అయిదూ యాభైకి జవాబొస్తుంది. అనుమతి అనుకునేరు, క్వెరీ. "పేషెంటుకు ఈ నొప్పి మొట్టమొదట ఎప్పుడు వచ్చింది? ఆనాటి కన్సల్టేషన్ పేపరు పంపగలరు." తీసేసింది గాల్ బ్లాడరు, అడిగేది దాని జాతకం. క్వెరీ వెళ్లింది గనక తాము మూడు గంటల్లోపే స్పందించినట్టు కంపెనీ లెక్క. జవాబు పంపాం గనక ఆలస్యం తమది కాదని ఆస్పత్రి లెక్క. కంప్లయన్స్ రిపోర్టులో అందరూ టైముకే ఉంటారు, పేషెంటు ఒక్కడే రాత్రి పదింటికి ఇంటికి చేరతాడు.

క్లెయిమును కాదనడం కూడా మునుపటంత తేలిక కాదిప్పుడు. క్లెయిముల సమీక్ష కమిటీ ఒప్పుకోనిదే తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో చూపించాలి. పూర్వం ఒక మనిషి కాదనేవాడు. ఇప్పుడు నలుగురు కూర్చుని, క్లాజు నంబరు వేసి, మర్యాదగా కాదంటారు. ఇది ఎగతాళికి అంటున్నా, ఆ క్లాజు నంబరు చాలా విలువైనది. దాని సంగతి తర్వాత.

అసలు కథ ఆస్పత్రిలో మొదలవదు, మన హాల్లో సోఫా మీద మొదలవుతుంది. ఏజెంటు ల్యాప్‌టాప్ తెరిచి ప్రపోజల్ ఫారం నింపుతుంటాడు. షుగరు ఉందా, బీపీ ఉందా, ఆపరేషన్ ఏదైనా జరిగిందా అని వరసగా ప్రశ్నలుంటాయి. "బీపీకి మాత్ర వేసుకుంటున్నా బాబూ" అంటాడు పెద్దాయన. "అయ్యో అంకుల్, అది రాస్తే ప్రీమియం పెరుగుద్ది, పైగా మెడికల్ టెస్టులంటారు, నో పెట్టేద్దాం" అంటాడు కుర్రాడు, అప్పటికే అన్నిటికీ నో కొట్టేసి. "ఓటీపీ చెప్పండి అంకుల్." అంకుల్ కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలూ చదువుతాడు. తనకు బీపీ లేదని ఆయన చేసిన సంతకం అదే. నాలుగేళ్ల తర్వాత గుండెకు స్టెంటు పడ్డ రోజున ఆ నో బయటికొస్తుంది. కుర్రాడు అప్పటికి ఇంకో కంపెనీలో చేరి ఉంటాడు.

నిబంధనలు ఇక్కడ కాస్త కరుణించాయి. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగు గరిష్ఠంగా నాలుగేళ్లుండేది, మూడేళ్లకు తగ్గించారు. మారటోరియం ఎనిమిదేళ్లుండేది, అయిదేళ్లు చేశారు. అంటే అరవై నెలలు ఆపకుండా ప్రీమియం కడితే, ఆ తర్వాత మోసమని రుజువు చేస్తే తప్ప, జబ్బు దాచావన్న సాకుతో క్లెయిము ఎగ్గొట్టడానికి లేదు. రెన్యూవల్ తేదీని పెళ్లిరోజుకన్నా జాగ్రత్తగా గుర్తుంచుకోవడం మంచిది.

ఇక గది అద్దె. దీని ముందు మిగతావన్నీ బలాదూర్. పాలసీలో గది అద్దె రోజుకు 5,000 వరకే అని ఉందనుకోండి. అమ్మకు గాలాడాలని మనం 8,000 గది తీసుకున్నాం. మూడు రోజులకు 9,000 చేతి నుంచి పడుతుందని వేళ్ల మీద లెక్కేసుకుంటాం. కంపెనీ లెక్క వేరు. అర్హత ఎనిమిదిలో అయిదు వంతులు కనక సర్జను ఫీజు, థియేటరు ఖర్చు, నర్సింగు చార్జీలు కూడా ఎనిమిదిలో అయిదు వంతులే ఇస్తుంది. అవి మొత్తం 1,60,000 అయితే వచ్చేది లక్ష. గదికి 9,000 పోను, ఇంకో 60,000 మనదే. కిటికీలోంచి కనిపించిన చెట్టు ఖరీదు అది! మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆస్పత్రిలో ఈ కోతకు చోటే లేదు. ఈ రెండు ముక్కలూ డెస్కు దగ్గర ఎవరూ తమంతట తాము చెప్పరు.

బిల్లు చివరి పేజీలో 'నాన్ పేయబుల్స్' అని ఇంకో పద్దు ఉంటుంది. పాలసీలో చేర్చకపోయినా ఫర్వాలేదని నియంత్రణ సంస్థే 68 వస్తువులతో ఒక జాబితా వేసింది. గ్లోవ్స్, క్రేప్ బ్యాండేజీ, డైపరు, టీవీ చార్జీ అందులోవే. గ్లోవ్స్ లేకుండా ఆపరేషన్ చేసే సర్జనును చూపిస్తే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చునేమో. ఇంకో జాబితాలో డిశ్చార్జి ప్రొసీజరు చార్జీ, డాక్యుమెంటేషన్ చార్జీ లాంటివి గది అద్దెలోనే కలిసి ఉన్నట్టు లెక్క. పొద్దుటి నుంచి మనల్ని కూర్చోబెట్టిన కార్యక్రమానికి గది అద్దెలోనే రుసుము కట్టేశామన్నమాట.

బిల్లు సంగతి అలా ఉంచి ప్రీమియం దగ్గరికొస్తే, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. సంతోషమే. దాంతోపాటు, తాము కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్టూ కంపెనీలకు పోయింది. ఆ నష్టాన్ని ఎవరి నెత్తిన వేస్తారో మీ రెన్యూవల్ నోటీసులో మూల ప్రీమియం గడి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ క్లాజు నంబరు సంగతి. క్లెయిము కాదన్నా, కోత వేసినా, ఏ క్లాజు కిందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఫోనులో చెప్పిన కారణం కారణం కాదు. డిశ్చార్జి రోజున మెయిలు ఎన్నింటికి వెళ్లిందో, జవాబు ఎన్నింటికి వచ్చిందో డెస్కు దగ్గర రాయించుకోండి. పాలసీతో పాటు ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటును తెలుగులో ఇమ్మని అడగండి. అడిగితే స్థానిక భాషలో ఇవ్వాల్సిందే. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే. 50 లక్షల దాకా తగాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీకు అనుకూలంగా తీర్పొచ్చాక కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు మీకే చెల్లించాలి.