వదినమ్మ సందేశానికి టీకా తాత్పర్యం

అవతారిక: తమిళనాట కృష్ణగిరి జిల్లా, ఊత్తంగరై తాలూకా, సామల్పట్టి వాస్తవ్యురాలును, ఇంట తెలుగు వీధిని తమిళము పలుకునదియు అగు మా వదినమ్మ, పాడి ఆవులను అన్నకు అప్పగించి ఓస్లో ఉన్న కొడుకు దగ్గరికి పోయినది. అక్కడినుండి కోడలితో, ఇద్దరు మనవళ్ళతో నార్వే దేశపు ఫ్లోమ్ గ్రామానికి రైలుయాత్ర చేసి, కుటుంబ వాట్సాప్ గుంపులో ఈ క్రింది ఆరు వాక్యాలు పెట్టినది. ఫొటో ఒక్కటీ పెట్టలేదు. అందువల్ల వ్యాఖ్య అవసరమైనది.

మూలం: కొండమింద బండి మారితిమి. నీళ్ళకాడ బండి నిలిపిరి. ఎర్రగుడ్డల ఆడమనిసి బండమింద ఆడె, జారి పడతాదని బయపడితిమి. కింద ఊరు శానా చిన్నది. తిరగా అదే బండి ఎక్కితిమి. తాండ్ర అయిపాయె.

ప్రతిపదార్థం: కొండమింద = సముద్రమట్టానికి 867 మీటర్ల ఎత్తున గల మిర్దాల్ స్టేషనునందు; బండి = ఓస్లో నుండి బెర్గెన్ పోవు, 1909లో పూర్తియైన పెద్ద దారి రైలును; మారితిమి = విడిచి, ఆకుపచ్చ రంగు చిన్న రైలును ఎక్కితిమి; కింద = ఇరవై కిలోమీటర్ల రైలుదారి దిగువన, సముద్రానికి రెండే మీటర్ల ఎత్తున; ఊరు = ఫ్లోమ్; శానా చిన్నది = కొన్ని వందలమంది కాపురమున్నది.

విశేషాలు: 'కొండ' అని ఊరకే అన్నది గాని ఆ దిగుడు సామాన్యం కాదు. పద్దెనిమిది మీటర్లు నడిస్తే ఒక మీటరు కిందికి జారే వాలు. దారిలో ఇరవై సొరంగాలు, వాటిలో పద్దెనిమిది చేత్తో తవ్వినవే. మన నీలగిరి బండిది ఇంతకన్నా నిట్టవాలు, పన్నెండుకు ఒకటి. అయితే దానికి పట్టాల నడుమ పళ్ళపట్టా ఊతం ఉంది. ఫ్లోమ్ బండి మామూలు చక్రాలతో, బ్రేకుల మీద భారం వేసి దిగుతుంది. 1924లో పని మొదలుపెడితే 1940లో గాని ఆవిరి బండి నడవలేదు, 1944లో కరెంటు వచ్చింది. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి వేసిన చిన్న రైలుదారిని తర్వాత ఎత్తేశారని గుర్తుచేసుకుంటే వ్యాఖ్యాతకు కడుపు మండుతుంది. జిల్లా ముఖ్యపట్టణానికి నేటికీ రైలు లేదు.

ఇక 'నీళ్ళకాడ బండి నిలిపిరి' అన్న వాక్యం. ఈ సందేశానికి ప్రాణం ఇదే. నీళ్ళు = ష్యోస్‌ఫోసెన్ అను జలపాతము; నిలిపిరి = కొన్ని నిమిషాలు ఆపి, తలుపులు తెరచి, దిగి చూడుడనిరి.

ఇక్కడ పూర్వపక్షం: అక్కడ ఊరున్నదా? లేదు. టికెట్టు కొని ఎక్కేవారున్నారా? లేరు. మరి ప్లాట్‌ఫారం ఎవరికి? చూసేవారికే. జోలార్‌పేట సేలం దారిలో ఉన్న మా సామల్పట్టి మీదుగా 1860ల నుంచీ రైళ్ళు పోతున్నాయి. ఇక్కడ ఊరుంది, సంత ఉంది, మామిడితోటలున్నాయి, మూటలతో నిలబడ్డ మనుషులున్నారు. అయినా ఎక్స్‌ప్రెస్సులు చాలావరకు దుమ్ము మాత్రం మాకు వదిలి పోతాయి. నీళ్ళకు నిలిచే బండి మనుషులకు ఎందుకు నిలవదని ఆక్షేపం. సిద్ధాంతి సమాధానం: ఆ నీటికి రుణం తీర్చాలి, ఎందుకంటే ఆ జలపాతం దగ్గరి విద్యుత్కేంద్రమే ఆ రైలుదారికి కరెంటు ఇచ్చింది. ఈ సమాధానం పూర్వపక్షిని తృప్తిపరచలేదు. కరెంటు ఇవ్వడం మాకూ చేతనయితే బాగుండును.

ఎర్రగుడ్డల ఆడమనిసి = హుల్ద్రా వేషము కట్టిన నర్తకి. వేసవిలో బండి నిలిచినప్పుడల్లా పాట మోగుతుంది, ఎర్రబట్టల స్త్రీ జలపాతం పక్కన ఆడి మాయమవుతుంది. హుల్ద్రా అక్కడి జానపద కథల అడవి మోహిని. మగవారిని కొండల్లోకి లాక్కుపోతుంది, వెనుక ఆవుతోక ఉంటుంది. తోక సంగతి అన్నకు చెబితే 'పాలిస్తాదా' అన్నాడు. యాత్రికులకు అద్భుతరసం కలగవలసిన చోట వదినమ్మకు భయానకం కలిగింది, అదీ మోహిని తమను ఏం చేస్తుందోనని కాదు, మోహినికి కాలు విరుగుతుందని. ఇది రసాభాస కాదు. తడిబండ మీద బట్టలుతికినవారికే ఈ రసం తెలుస్తుంది.

'కింద ఊరు' దగ్గర ఒక లోపం చెప్పక తప్పదు. ఆ ఊరి ముందున్నది ఫ్యోర్డు, అనగా హిమానీనదం చెక్కిన లోయలో సముద్రం వచ్చి కూర్చున్న చోటు. రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చిన సోగ్నె ఫ్యోర్డుకు అది ఒక కొమ్మ. లోకం నౌకలెక్కి చూడవచ్చే ఆ నీటిని వదినమ్మ ఒక్క అక్షరంతోనూ ముట్టుకోలేదు. ఊరి చెరువు నిండిన ఏడు మాత్రం ఆమె వరుసగా పన్నెండు సందేశాలు పెట్టింది.

'తిరగా అదే బండి' = వచ్చిన దారినే మరల. పడవలో ఇంకో దారిన పోవచ్చు గదా అని శంక. కోడలు ఫోనులో సెలవిచ్చిన అన్వయం ఇది: దిగేటప్పుడు కిటికీ పెద్దవాడిది, ఎక్కేటప్పుడు చిన్నవాడిది. ఇరవై కిలోమీటర్లూ రెండుసార్లు చూడకపోతే ఆ తగవు ఓస్లో దాకా తెగదు.

'తాండ్ర అయిపాయె' అన్నచోట పాఠాంతరం ఉంది. మామిడికి పేరుపడ్డ మా జిల్లా నుంచి పోయిన ఆ తాండ్ర మనవళ్ళే తిన్నారని ప్రాచీనుల మతం. కోడలి ప్రతిలో 'అత్తమ్మ బండిలో పక్కసీటు వాళ్ళకు పంచేసె' అని ఉన్నది. వ్యాఖ్యాత కోడలి పాఠాన్నే గ్రహించాడు. ఆ పక్కసీటు జర్మనీవాళ్ళు తాండ్ర పైనున్న ప్లాస్టిక్కు కాగితం తీసి తిన్నారా, తీయక తిన్నారా అన్నది మూలంలో లేదు.